సున్నా అడిగితే ఏం చెప్పాలి

“ఇంగ్విల్డ్ భలే ప్రశ్న వేసింది తెలుసా,” అన్నాడు తోర్లైఫ్, నేను పిల్లల డబ్బాల్లో చీజు రొట్టెలు సర్దుతుండగా. ప్రోగ్రాములు ఏ మెషీన్ మీదైనా ఒకేలా నడవడానికి నియమాలు రాసే కమిటీకి నా భర్త సంపాదకుడు. ఇంగ్విల్డ్ అందులో కొత్తగా చేరిన అమ్మాయి. ఫైలులోంచి సున్నా అక్షరాలు చదివిపెట్టమని ప్రోగ్రాము అడిగితే సిస్టమ్ ఏం చెప్పాలి? అదీ ఆమె ప్రశ్న.

నాకు ఒళ్లు మండిపోయింది. రెండేళ్ల క్రితం ఈ వంటింట్లోనే అది నేను అడిగాను. “అలా ఎవరడుగుతారు రాగ్నా, నీకు మరీ చాదస్తం,” అని నవ్వి, చెత్త సంచీ అయినా పట్టుకెళ్లకుండా పోయాడు. కమిటీలో నేనూ చేరతానంటే, ఒకే ఇంట్లోంచి ఇద్దరెందుకన్నాడు. ఇంగ్విల్డ్ మాత్రం మీటింగుకి బెర్గెన్ వెళ్లాలంటే సంచీ సర్దుకుని వెళ్లిపోతుంది, ఎవరినీ అడగక్కర్లేదు. ఇది అసూయ కాదని బుకాయించను. ఆమె ఫోటో వెతికి మరీ చూశాను. జుట్టు కూడా బాగుంది.

మా చిన్నది సిగ్రిడ్‌కి జ్వరమొస్తే ఎవరు ఆఫీసు మానాలో మేమెక్కడా రాసుకోలేదు. ప్రతిసారీ నేనే మానాను. అలా మానిన రోజుల్లోనే, దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, మా ఆఫీసులోని పదకొండు రకాల మెషీన్లకు ఇంటినుంచి కనెక్టయి ఆ సున్నా సంగతి పరీక్షించాను. ఏడు మెషీన్లు సున్నా అని చెప్పి ఊరుకున్నాయి. మూడు అది తప్పన్నాయి. ఒకటి ఫైలు మూసేసి ఉన్నా అంతా బాగుందంది. ఒకచోట నడిచే ప్రోగ్రాము ఇంకోచోట చతికిలబడేది ఇందుకే. ఆ ఫలితాలు పట్టికగా వేసి అప్పుడే తోర్లైఫ్‌కి ఇచ్చాను. ఇప్పుడది కొత్త నియమాల ముసాయిదా చివర ఉంది, ఎవరి పేరూ లేకుండా.

ముసాయిదా బయటపెట్టాక పద్నాలుగు రోజులు ఎవరూ ఏమీ రాయకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. అది కమిటీ పద్ధతి. బయటివాళ్లయినా రాయొచ్చు. ఆ గడువు ఆఖరి రోజు, ఆదివారం మధ్యాహ్నం, తోర్లైఫ్ లాప్‌టాప్ నావైపు తిప్పాడు. ఇంగ్విల్డ్ ఏదో రాసింది. తప్పు దొరుకుతుందన్న ఆత్రంతో చదివాను.

“ఈ పట్టిక చూశాకే నాకు ఆ ప్రశ్న తట్టింది. ఈ పరీక్షలు చేసిందెవరు? పేరు వేయందే నేను ఒప్పుకోను.”

ఇన్నాళ్లూ ఎవరిమీద కుళ్లుకున్నానో తలుచుకుంటే సిగ్గేసింది. నేను మండిపడాల్సిన మనిషి నా ఎదురుగానే కాఫీ తాగుతున్నాడు.

“కమిటీ సభ్యులు అని రాసేస్తా. ఇంట్లోవాళ్ల పేరు వేస్తే బాగోదు. నీకేం పర్లేదు కదా?” అన్నాడు. నా జవాబు కోసం ఆగకుండానే టైపు చేయడం మొదలుపెట్టాడు.

నేను లేచి వెళ్లి నా కంప్యూటరు తెరిచాను. అందరూ చదివే ఆ పేజీలోనే, ఇంగ్విల్డ్ మాటల కింద రాశాను: “ఆ పరీక్షలు చేసింది నేను, రాగ్న హౌగెన్‌ని. ఆ సంగతి మీ సంపాదకుడికి రెండేళ్లుగా తెలుసు.”