మా ఆయన చుట్టరికాలు

మా ఆయన పేరు బెంజమిన్, కాలేజీలో గుమస్తా. అక్కడ నోరు విప్పరని పేరు. ఇంటి అరుగు మీద నేను భోజనాల బల్ల వేశానో లేదో, కోనసీమంతా ఆయనకి చుట్టమైపోయింది.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఆ జీతం ఇంటికే చాలదు. ఆర్నెల్ల పిల్లని చంకనేసుకుని, అమ్మ దగ్గర దింపడానికి రోజూ మలికిపురం సెంటర్లో ఆటో కోసం పడిగాపులు పడలేకపోతున్నాను. స్కూటీ కొనుక్కోవాలని ఆదివారాలు ఇంటి భోజనం మొదలుపెట్టాను. కోడికూరకి పేరొచ్చింది, రొయ్యల వేపుడుకి పేరొచ్చింది. డబ్బే రాలేదు.

ఎలా వస్తుంది? వచ్చినవాళ్ళు విస్తరి ముందు కూర్చోగానే ఈయన "ఏ ఊరండీ మనది?" అని మొదలుపెడతారు. జొన్నాడ అంటే మేనత్తగారి ఊరు, కొత్తపేట అంటే తోడల్లుడి ఊరు. చుట్టం దగ్గర కూటికి డబ్బు పుచ్చుకుంటే పరువు పోతుందట. నా కోళ్ళు పోతే మాత్రం ఫరవాలేదు.

పైగా మొన్న శనివారం నాకే నీతి చెప్పారు. "రేపూ ఇలాగే అయితే బల్ల తీసేద్దాం సుస్మితా. నష్టానికి వండడం దేనికే?"

చేతిలో గరిటె ఉంది. ఎలా ఆగానో నాకే తెలీదు.

ఆదివారం కారు దిగి ఒక పెద్దమనిషి వచ్చారు. ప్రేమ్ కుమార్ గారట, రాయవరమట.

"రాయవరమా! మా పిన్నిగారిని ఇచ్చింది ఆ ఊరేనండీ! అయితే మీరు నాకు బాబాయిగారండీ!"

"ఆయ్, అలాగే అనుకోండి," అన్నారాయన, రొయ్యలు నములుతూ.

తృప్తిగా తిని లేచి, జేబులో చెయ్యి పెట్టారు. ఈయన ఆ చెయ్యి పట్టేసుకున్నారు. "అమ్మమ్మా, బాబాయిగారి దగ్గర డబ్బులేంటండీ!"

నాకు ఒళ్ళు మండింది. మండుతూనే లోపలికెళ్ళి, మా జాయ్‌కి పౌడరు రాసి, కొత్త గౌను తొడిగి తీసుకొచ్చాను. చంటిపిల్లని మొదటిసారి చూసిన చుట్టం చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా గుమ్మం దిగడం మా వైపు నామోషీ.

"తాతగారికి వందనాలు చెప్పమ్మా. మొదటిసారి చూస్తున్నారు నిన్ను," అన్నాను.

పెద్దాయన నన్ను చూశారు, పిల్లని చూశారు. మీసాల్లో నవ్వుకుని, ఐదువందల నోటు తీసి దాని గుప్పిట్లో పెట్టారు. అది వెంటనే నోట్లో పెట్టుకోబోయింది.

"వద్దండీ బాబాయిగారూ, వద్దు!" అని ఈయన అడ్డం పడ్డారు.

"నా మనవరాలికి నేనిచ్చుకుంటుంటే వద్దనడానికి నువ్వెవరివయ్యా?" అని గదమాయించి ఆయన కారెక్కేశారు.

మా ఆయన మొహం మాడిపోయింది. "నూటయాభై భోజనానికి ఐదువందలు లాగేవు! చుట్టాల్ని ఇలా దోచుకుంటావేంటే?"

"నేను అడిగేనా? మీ బాబాయిగారే ఇచ్చేరు. ఇంకెంతమంది ఉన్నారో పిలవండి, పిల్ల ఇక్కడే ఉంటుంది."

అంతలో బైకు మీద ఇద్దరు దిగారు. మా ఆయన వాళ్ళని చూశారు, నా చంకలో ఉన్న జాయ్‌ని చూశారు. గబగబా ఎదురెళ్ళారు.

"రండి. భోజనం నూటయాభై అండీ, ముందే ఇచ్చేయాలి," అన్నారు.

పెళ్ళయ్యాక ఆయన నోట అంత తియ్యటి మాట నేను వినలేదు.