నాయన చెప్పిన నంబరు

రసూల్ సాబ్‌ను ఎవరైనా నంబరు అడిగితే చెప్పేస్తాడు. అదేం ఖర్మో అనుకోకండి, పదేళ్లుగా లోకం ఆయనకు నేర్పిన చదువే అది. రేషన్ బియ్యానికి పోతే వేలు పెట్టమన్నారు, పెట్టాడు. గ్యాస్ బండ వస్తే ఫోనులో వచ్చిన నంబరు చెప్పమన్నారు, చెప్పాడు. ఉపాధి కూలి పడాలంటే చెప్పు, ఎండిపోయిన చెనక్కాయ పంటకు బీమా రావాలంటే చెప్పు. చెప్పకపోతే పని ఆగిపోతుంది. దేనికని అడిగితే వెనకున్న లైను విసుక్కుంటుంది. అందుకని ఆయన అడగడం మానేసి చాన్నాళ్లయింది.

ఇంట్లో నెట్ ఉన్న ఫోను ఒక్కటే, అది పగలంతా ఆయన జేబులోనే ఉంటుంది. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టిచ్చే పని ఆయనది. గోరంట్ల దగ్గర పల్లె నుంచి పుట్టపర్తి లాడ్జీలకు పోయి వస్తుంటాడు. ఆ రోజు కూడా ఒక లాడ్జీ మిద్దె మీద ఎండలో కూర్చుని కుడుతుంటే కలీముల్లా ఫోన్ చేశాడు.

“అన్నా, నీ ఫోనుకు ఆరంకెల నంబరు ఒకటి వచ్చింటాది. చూసి చెప్పు.”

సూది పరుపుకు గుచ్చి, అద్దాలు పెట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదివాడు. కలీముల్లా ఏమన్నా పరాయివాడా? గోరంట్లలో నెట్ సెంటర్ పెట్టుకున్నవాడు. కూతురు ఆరీఫాకు ఇంజినీరింగ్ సీటు కోసం కాలేజీల పేర్లన్నీ వరసగా ఎక్కించి, పైసా తీసుకోనివాడు. కాలేజీ ఇచ్చిన మెయిల్ తెరిచిపెట్టింది కూడా అతనే. అంత చేసినవాణ్ని దేనికప్పా అని నిలదీస్తే ఏం బాగుంటుంది?

సాయంత్రం బస్సు దిగగానే కలీముల్లా పిలిచి, పాపకు సీటొచ్చిన సంతోషమంటూ ఐదు వందల నోటు జేబులో కుక్కాడు. రసూల్ సాబ్ వద్దన్నాడు, రెండోసారి వద్దనలేదు. మర్నాడు ఆదివారం. ఇంట్లో కూర ఉడికి రెండు నెలలు దాటింది. అర కిలో పొట్టేలు మాంసం తెచ్చాడు. దుడ్లు యాడివని భార్య అమీనాబీ అడిగితే, లాడ్జీవాళ్లు కూలి మీద పైన ఇచ్చినారని చెప్పాడు. ఉపకారం చేసినవాడి చేతి నుంచే తీసుకున్నానని చెప్పడానికి సిగ్గేసింది. ఆరీఫా ఎప్పటిలాగే మూలుగ ఎముక ఏరి నాయన పళ్లెంలో వేసింది. ముగ్గురూ కడుపునిండా తిన్నారు.

ఆ పిల్లకు వచ్చింది కంప్యూటర్ బ్రాంచి. ఆ మండలంలో ఆ సీటు ఎందరికొచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాలేజీవాళ్లు మాత్రం పదో తేదీకల్లా సొంత ల్యాప్‌టాప్ ఉండాలన్నారు. లేనివాళ్లు తండ్రి సంతకంతో అర్జీ పెట్టుకుని సివిల్ బ్రాంచికి మారొచ్చునట. ఎంత దయ! ల్యాప్‌టాప్ ఖరీదు యాభై రెండు వేలు. రసూల్ సాబ్ దగ్గరున్నది నలభై మూడు. రెండేళ్లుగా ఒక దిండు లోపల పెట్టి కుట్టేసిన దుడ్లు అవి. పరుపులు కుట్టేవాడు దిండును నమ్మాడు, తప్పేముంది.

ఆ తొమ్మిది వేల గండం గట్టెక్కించే దారి ఆరీఫానే వెతికింది. రోజూ నాయన ఇంటికి రాగానే ఫోను తీసుకుని, తెలియని మాటకు అర్థం చూసుకుంటూ చదివింది. కాలేజీ మెయిల్ చూపించిన విద్యార్థికి ల్యాప్‌టాప్ కంపెనీ సరిగ్గా తొమ్మిది వేలు తగ్గిస్తుంది. దిండు విప్పిన రోజు ఆ పిల్ల మొహం చూడాలి! దారం తెంపుతూ నాయనకే పాఠం చెప్పింది, చదువుకునేవాళ్లకు తగ్గించి ఇస్తే వాళ్లు రేపు పెద్దయినాక ఆ కంపెనీదే కొంటారని, ఇందులో దానమేమీ లేదని.

ఎనిమిదో తేదీన ఇద్దరూ హిందూపురం పోయారు. దుకాణం సుంకన్న అనే ఆయనది, మర్యాదస్తుడు. ఆరీఫా కాలేజీ కార్డు తీసుకుని వివరాలు కొట్టాడు. ఆగాడు. మళ్లీ కొట్టాడు.

“పెద్దాయనా, ఈ పాప పేరు మీద పోయిన నెల పద్నాలుగో తేదీనే ఒకటి కొన్నట్టు చూపిస్తాండాది. ఫోనుకొచ్చిన నంబరు కొడితేనే బిల్లు అయితాది, ఒకరికి ఒక్కసారే ఇస్తారు ఇది.”

కొనలేదన్నా, మేమసలు కొననే లేదని ఆరీఫా నాలుగుసార్లు చెప్పింది. సుంకన్న నమ్మాడు పాపం, కానీ ఆయన నమ్మితే కంప్యూటరు నమ్ముతుందా? రసూల్ సాబ్ మనసులో తేదీలు వెనక్కి పోతున్నాయి. పద్నాలుగు శనివారం. మిద్దె మీద ఎండ. మర్నాడు కూర. ఆయన అక్కడున్న స్టూలు మీద కూలబడ్డాడు.

బస్సులో ఆరీఫా ఏడ్చింది. ఫోనులో ఆ తగ్గింపు పేజీ తెరిచి తెరిచి చూసేది కదా, చూసేటప్పుడు చెయ్యి తగిలి ఏదో అయ్యుంటుందని అనుకుంది.

“నేనే ఏదో నొక్కేసింటా నాయనా. నా చేతులు ఇరగ.”

ఆ మాట విన్న తండ్రి నిజం చెప్పేయాలనుకున్నాడు. కొడికొండ దాటాక చెబుదామనుకున్నాడు, గోరంట్ల రాగానే చెబుదామనుకున్నాడు. దిగాక మాత్రం, నువ్వు ఇంటికి పో పాపా, ఈడ చిన్న పనుండాదని ఆటో ఎక్కించి, తాను నెట్ సెంటర్ వైపు నడిచాడు.

కలీముల్లా దాచలేదు. దాస్తే బాగుండేది, కనీసం సిగ్గుందనుకునేవాళ్లం. కుర్చీ వేసి, టీ తెప్పించి మరీ చెప్పాడు.

“నేనేమన్నా దొంగతనం చేసినానా అన్నా? నంబరు అడిగినా, నువ్వు చెప్పినావు. దుడ్లు ఇచ్చినా, నువ్వు తీసుకున్నావు. పదకొండు మంది పిల్లోల్ల పేర్ల మీద తగ్గింపు ల్యాప్‌టాప్‌లు ఇట్లే తెచ్చినా. ఒక్కరన్నా వచ్చి అడగల్యా.”

ఆరీఫా పేరు మీద కొన్నది కదిరిలో ఎవరికో అమ్మేశాడట. ఖర్చులు పోను తనకు మిగిలింది రెండు వేలేనని వాపోయాడు కూడా. రసూల్ సాబ్ గొంతు పెంచబోతే చల్లగా ఇంకో మాట అన్నాడు. బిల్లు ఆరీఫా పేరు మీదే ఉంది, గొడవైతే కాలేజీ అడిగేది ఆరీఫానే, తగ్గింపు అమ్ముకున్న పిల్లని అందరికీ తెలుస్తుంది. టీ చల్లారిపోయింది. రసూల్ సాబ్ లేచి వచ్చేశాడు.

తొమ్మిది వేలు ఎక్కడైనా తేవచ్చు కదా అంటారు. ఫీజు కోసం తట్టని తలుపు ఆ ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు. లాడ్జీలవాళ్లు ఫోము పరుపులకు మారుతున్నారు. ఒక్క రోజులో ఎవరిస్తారు?

ఇల్లు చేరేసరికి ఆరీఫా మొహం కడుక్కుని, కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం రాసింది. నాయనకు చదివి వినిపించింది. మా ఇంట్లో ఎవరూ ల్యాప్‌టాప్ కొనలేదు, ఎవరికీ ఏ నంబరూ చెప్పలేదు, ఇది అబద్ధమైతే నా మీద ఏ చర్య తీసుకున్నా సమ్మతమే, దయచేసి విచారించండి అని ఉంది అందులో. కింద తండ్రి సంతకానికి గీత గీసింది.

రసూల్ సాబ్‌కు సంతకం నేర్పింది ఆ పిల్లే. ఏడో తరగతిలో ఉన్నప్పుడు, అందరి నాయన్లూ బడిలో సంతకం పెడతారని, నెల రోజులు పలక మీద దిద్దించింది. ఆ తర్వాత ఆయన అడిగిన చోటల్లా మురిసిపోతూ పెట్టేవాడు. ఇప్పుడు పెన్ను పట్టుకుని ఆ గీత వైపే చూస్తున్నాడు.

“పెట్టు నాయనా.”

“పెట్టలేనమ్మా. ఆ నంబరు నేనే చెప్పినా.”

అమీనాబీ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆయన తల ఎత్తకుండా మొత్తం చెప్పాడు. లాడ్జీ మిద్దె, కలీముల్లా ఫోను, ఐదు వందలు, పదకొండు మంది పిల్లలు, బిల్లు మీద పేరు.

“ఆ ఆదివారం మనం తిన్న కూర అదేమ్మా.”

ఆరీఫా తిట్టలేదు. తిడితే ఆయన బతికిపోయేవాడు. కాగితం చేతిలోకి తీసుకుంది. ఉత్తరం చింపేస్తుందనుకున్నాడు, చింపలేదు. ఇంట్లో తెల్లకాగితం అదొక్కటే ఉన్నట్టుంది, మధ్యకు మడిచి, రాసిన సగం మడత మీద వేరు చేసి, ఖాళీగా ఉన్న సగం మీద కొత్తగా రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు ఎప్పటిలాగే గుండ్రంగా పడుతున్నాయి.

“ఏం రాస్తాండావు పాపా?”

“సివిల్‌కు మార్చమని.”

రాయడం అయిపోయాక ఈసారి చదివి వినిపించలేదు. కాగితం ఆయన వైపు తిప్పి, కింద చోటు వేలితో చూపించింది. దేనికని ఆయన అడగలేదు. పెట్టాడు.