రిలీవర్ రాని డ్యూటీ

"ఓనరెవరో తెలీదు. మూడు మెయిళ్లు పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు," అన్నారు కృష్ణంరాజు గారు.

ఆ మూడు మెయిళ్లూ నా దగ్గరే ఉన్నాయి.

ఆదివారం పొద్దున్న గాజువాకలో రాజు గారి మేడ మీద గదిలో కూర్చున్నాం. ఆయన షిప్పింగ్ కంపెనీలో చేసి రిటైరయ్యారు. మేం ఐదుగురం ఖాళీ వేళల్లో చిన్న బోట్ల వాళ్ల కోసం ఒక మ్యాప్ యాప్ తయారు చేస్తున్నాం. అది ఎవరి సొత్తూ కాదు. కోడంతా అందరికీ కనబడేలా ఉంటుంది, ఎవరైనా వాడుకోవచ్చు, బాగుచెయ్యవచ్చు.

ఆ రోజు తేల్చాల్సింది ఒకటే. 'గురుతు' అనే లైబ్రరీని మా ప్రాజెక్టులోకి తీసుకోవాలా, వద్దా? లైబ్రరీ అంటే వేరే ఎవరో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్క, మన ప్రోగ్రాంలో అమర్చుకునేది. చేపలు పడే చోట్లను జాలరులు ఏళ్ల తరబడి పాత జీపీఎస్ సెట్లలో దాచుకుంటారు. గురుతు ఆ చోట్లను బయటికి తీసి ఫోన్లోకి ఎక్కిస్తుంది. సెట్టు పాడైతే చోట్లూ పోతాయి కాబట్టి మాకది కావాలి. కానీ మూడేళ్లుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. జనం రాసిన ఫిర్యాదులు నలభై దాకా పడి ఉన్నాయి.

"పాడుబడ్డ కొంపని మనం నెత్తినెట్టుకోడమేటి, రాజు గారూ?" అన్నాడు నాగవంశీ. "రేపు కప్పు కారితే మననే తిడతారు. కొత్తగా రాసీసుకుందాం."

"పాత సెట్లు పదకొండు రకాలున్నాయి. కొత్తగా రాయడానికి నీ దగ్గర ఒక్కటైనా ఉందా?" అన్నారు రాజు గారు.

"లేదు."

"మరి?"

"మరా పెద్దమనిషికి సిగ్గుండాలి గదా! తాళమేసీసుకుని పోతే ఎలాగ? నాను సెయ్యలేను బాబూ అని ఓ ముక్క రాసీడానికేటి రోగం?"

నేను టీ గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను.

"సత్యా, నువ్వు జాగ్రత్తగా రాస్తావు," అన్నారు రాజు గారు. "తీసుకోవాలో వద్దో వచ్చే ఆదివారానికి రిపోర్టు రాసుకురామ్మా. తీసుకుంటే మన పేరు మీద కాపీ పెట్టి, మొదట రాసినతను వదిలేశాడని పైన రాసేద్దాం."

"అలాగేనండీ," అన్నాను.

మొదట రాసినతను ముజీబ్ గారు. వన్‌టౌన్‌లో బోట్ల జీపీఎస్ సెట్లు రిపేరు చేస్తారు. పదో తరగతి దాటలేదు, ప్రోగ్రాం రాయడం సొంతంగా నేర్చుకున్నారు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో నేను గురుతులో రెండు తప్పులు సరిచేసి పంపితే షాపుకి పిలిచి టీ ఇప్పించి, "నానెంతకాదన్నా రిపేరోన్ని. నువ్వు సదువుకున్నదానివి. ఇక నువ్వే సూసుకో అమ్మా," అని దాని తాళం, అంటే పాస్‌వర్డు, నా చేతికిచ్చేశారు. నేను గురుతు పేరుతో కొత్త మెయిల్ తెరిచి, ఇంటర్నెట్లో దాని పేజీలో ఆ అడ్రసొక్కటే పెట్టాను. ఆ తరవాత క్యాంపస్ ఇంటర్వ్యూలో, అందరికీ తెరిచి ఉంచే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీని నేనే నడుపుతున్నానని చెప్పాను. ఉద్యోగం వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే, నెలజీతం ఆఫీసు ఉద్యోగమూ నాదే మొదటిది. ఆ మెయిల్ తెరవడం నెలకోసారి అయ్యింది, తరవాత అదీ పోయింది.

రాజు గారి మెయిళ్లు మాత్రం చూశాను. ఫోన్ తెర మీద ఆయన పేరు కనబడితే భయమేసి చూశాను. చూసి మూసేశాను.

మధ్యాహ్నం ఉక్కునగరంలో మా క్వార్టరుకి వచ్చేసరికి రెండున్నర. నాన్న అప్పుడే డ్యూటీ నుంచి వచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున్న ఆరింటికి దిగాల్సిన మనిషి.

"నీ తరవాత ఎక్కాల్సిన రిలీవర్ రాలేదా నాన్నా?"

"ఆడికి జొరమంట. ఇంకోడు దొరికీసరికి ఇంతేలయిపోనాది."

"ఎనిమిది గంటలు ఎక్కువ! నువ్వు దిగొచ్చెయ్యకూడదా?"

"కొక్కేనికి బరువుండగా దిగొచ్చెత్తే, కిందున్నోడి గతేటి? వచ్చినోడు పుస్తకంల సంతకమెట్టాలి, కేబిన్లోకెక్కాలి. అప్పుడే మనం దిగాలి."

"సంతకం పెట్టేసి, ఎక్కకుండా వెళ్లిపోతే?"

నాన్న అన్నం కలుపుతూ నవ్వారు. "అలాటోడ్ని నానింతవరకు సూళ్లేదమ్మా."



బుధవారం ఆఫీసు అయ్యాక వన్‌టౌన్ వెళ్లాను. ముజీబ్ గారు నన్ను చూసి స్టూలు తుడిచారు.

"అరె, సత్యమ్మా! మా ఆఫీసరమ్మ వచ్చింది! కూకో, కూకో. గౌస్, రెండు టీలు పంపు!" అని ఎదుటి కొట్టుకి కేకేశారు. "నీకు పనెక్కువుంటాదని ఫోన్ సెయ్యలేదు. నువ్వొచ్చినప్పుడు కుదురుగా సూస్తావని రాసి ఉంచినాను."

బల్ల సొరుగులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీసి ఇచ్చారు. బోటు నంబరు, మనిషి పేరు, సెట్టు రకం, గురుతు ఎక్కడ ఆగిపోయిందో అన్నీ గళ్లు గీసి రాశారు. ఇరవైమూడు వరసలు.

మొదటి పేరు సూరాడ ఎల్లాజీ. తారీఖు చూస్తే రెండేళ్ల కిందటిది.

"ఈయనది ఏమైంది, అంకుల్?"

"ఆ సెట్టా? నీళ్లు దిగీసి సచ్చిపోయింది, పోయిన వానల్ల. ఇరవయ్యేళ్ల పాయింట్లు, సేపలు పడే సోట్లన్నీ అందుల. పాడవకముందే ఫోన్లోకి తీయించుకుందామని తెచ్చాడు పాపం. మనది తియ్యలేకపోయింది. మా సత్యమ్మ సరిసేస్తాది, ఆగు బావా అన్నాను. ఆగినాడు."

ఆదివారం రాత్రే నేను ఆ నలభై ఫిర్యాదులూ చదివి ఉన్నాను. ఆ రకం సెట్టుకి మందు వాటి పక్కనే ఉంది. ఏ దేశంవాడో నాలుగు వరసల కోడు రాసి పంపాడు, రెండేళ్లయింది. నేను చూసి ఒక్క బటన్ నొక్కితే చాలు, అది గురుతులో చేరిపోతుంది.

"అంకుల్, నాకు పనెక్కువై కాదు. నేను అసలు చూడలేదు. గురుతు పేరు చెప్పుకుని ఉద్యోగం తెచ్చుకున్నాను, ఆ తరవాత తెరవడమే మానేశాను. చూసుంటే ఎల్లాజీ గారి పాయింట్లు అప్పుడే ఫోన్లోకి వచ్చేసేవి."

ముజీబ్ గారు చేతిలో ఉన్న సాల్డరింగ్ కడ్డీని స్టాండులో పెట్టారు. టీలు వచ్చాయి. ఆయన తాగలేదు, నన్నూ తాగమనలేదు.

"సెయ్యలేనని సెప్పుంటే నానేటనీసేవోన్ని?" అన్నారు. "నానే కిందామీదా పడేవోన్ని. పదిమందికి నీ పేరు సెప్పుకుని కూకున్నాను."

నోటుపుస్తకం నా వైపు జరిపారు. "తీస్కెళ్లు. ఇప్పుడేనా సూడు."

తరవాతి ఆదివారం రిపోర్టు నేనే చదివాను. మొదటి వాక్యం ఇది: 'గురుతు రాసిన ముజీబ్ గారు దాన్ని వదిలెయ్యలేదు, నాకు అప్పగించారు, వదిలేసింది నేను.'

"అయితే ఆ పెద్దమనిషివి నువ్వేనేటి?" అన్నాడు నాగవంశీ. నవ్వబోయి ఆగిపోయాడు.

"నా మెయిళ్లు చదివావా?" అన్నారు రాజు గారు.

"చదివానండీ. వచ్చిన రోజే."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. నేను మిగతాది చదివాను. తీసుకోవాలని రాశాను. పైన ముజీబ్ గారి పేరుండాలని, తాళం ఎప్పుడూ ఇద్దరి దగ్గర ఉండాలని, చెయ్యలేనివాళ్లు ఆ మాట పేజీలో రాసి, ఇంకొకరు వచ్చేదాకా ఉండాలని రాశాను.

"తీసుకుందాం," అన్నారు రాజు గారు. "తాళం నా దగ్గరా, వంశీ దగ్గరా ఉంటుంది. నువ్వు పని చెయ్యమ్మా. తాళం సంగతి తరవాత చూద్దాం."

అది న్యాయమే. పాస్‌వర్డు రాసిచ్చాను. నాగవంశీ అక్కడికక్కడే లోపలికి వెళ్లి, ఆ నాలుగు వరసల కోడు చదివి, దాంతోపాటు వచ్చిన నమూనా ఫైలుతో పరీక్షించి, బటన్ నొక్కాడు. గోడ గడియారం చూశాను. మూడు నిమిషాలు పట్టింది.

మెట్లు దిగి ముజీబ్ గారికి ఫోన్ చేశాను. విషయం విని, "మంచిది," అన్నారు. "ఎల్లాజీ ఇయ్యాల జెట్టీ కాడే ఉన్నాడు. ఆడి పాయింట్లు ఇక రావని ఆడికింకా తెలీదు. ఇప్పటికీ నీకోసమే ఆగున్నాడు. నాను సెప్పలేను సత్యమ్మా. నువ్వొచ్చి సెప్పు."

"వస్తున్నాను అంకుల్."

నోటుపుస్తకం సంచిలో ఉందో లేదో చూసుకుని, ఫిషింగ్ హార్బర్ వైపు వెళ్లే బస్సెక్కాను.