మామూలుకి రసీదు

క్యాంపుకి బయల్దేరే ముందు లాన్‌ఫర్డ్ వంటింటి గోడకి తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఏడు కవర్లు వేలాడదీశాడు. ఒక్కోదాని మీద పెద్ద అక్షరాలు: కరెంటు. నీళ్ళు. టాక్సీ అప్పు. మిస్ ఐసిల్డా చీటీ. పాప బడి బూట్లు. అమ్మ మందులు. చర్చి. ఏ తేదీన, ఎంత, ఎవరి చేతికి ఇవ్వాలో కూడా రాసి, కింద ఒక గడి గీశాడు. డబ్బు ఇచ్చాక ఆ గడిలో టిక్కు పెట్టాలట.

"యుద్ధానికి పోతున్నావా ఏంటి? పది రోజుల క్యాంపే కదయ్యా!" అంది అతని భార్య వాల్డీన్.

"కొంపలు మునగడానికి పది రోజులు చాలవా? పోయినేడు మావాడొకడు క్యాంపు నుంచి వచ్చేసరికి కారు బ్యాంకువాళ్ళు ఎత్తుకుపోయారు. డబ్బు లేక కాదే, చూసుకునే మనిషి లేక."

"సరే సరే, కార్పొరల్‌గారూ. టిక్కులన్నీ పెట్టించి తమరికి చూపిస్తాం, వెళ్ళి రండి."

లాన్‌ఫర్డ్ వారమంతా టాక్సీ తోలతాడు. నెలకి రెండు శని ఆదివారాలు రిజర్వు సైన్యంలో కవాతు, ఏడాదికోసారి కొండల్లో క్యాంపు. జీతం పెద్ద గొప్పదేం కాదు. కానీ ఆ యూనిఫాం ఉంది చూశారూ, అదే వాల్డీన్‌కి కిరీటం. తండ్రి నుంచి వచ్చిన మేకమాంసం దుకాణం ఆమెది. ఆ సంతలో కందగడ్డల ముసలమ్మ మొదలుకుని చేపలవాళ్ళ దాకా అందరూ ప్రతి శుక్రవారం రౌడీలకి మామూలు కట్టాల్సిందే. వాల్డీన్ దగ్గరికి మాత్రం మూడేళ్ళుగా ఒక్కడూ చెయ్యి చాపలేదు.

"నా మొగుడు సైనికుడమ్మా! మీ మొగుళ్ళలాగా ఇంట్లో పులి, వీధిలో పిల్లి కాదు," అని ఆమె నలుగురిలో అనేది. ఒకసారి కాదు, వందసార్లు అనుంటుంది. వాళ్ళు వినేవాళ్ళు, నవ్వేవాళ్ళు. ఆ నవ్వు ఎందుకో ఆమెకి అప్పట్లో తెలియదు.

అతను వెళ్ళిన మర్నాడే శుక్రవారం. పొద్దున్నే రెండు మేకలు కోసి, మేకతల పులుసు పొయ్యి మీద పెట్టి, మొద్దు ముందు నిలబడి మేక తొడ ముక్కలు కొడుతోంది వాల్డీన్. టెవిన్ మోటారుసైకిలు ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చాడు. ముప్ఫయ్యేళ్ళవాడు, రౌడీల తరఫున సంతంతా వసూలు చేసేది వాడే. అలాగని వాల్డీన్‌కి వాడి మీద కోపమేం లేదు. వారం వారం వచ్చి, బెంచీ మీద కూర్చుని, ఆమె పులుసు తాగి, డబ్బులిచ్చి పోయేవాడు.

"అక్కా, శుక్రవారం," అన్నాడు.

"అయితే? పులుసు ఇంకా ఉడకలేదు. కాసేపాగు."

"పులుసు కాదక్కా. అయిదు వేలు."

వాల్డీన్ కత్తి మొద్దు మీద పెట్టి పకపకా నవ్వింది. "ఎవరి దుకాణానికొచ్చావో తెలుసా? పొద్దున్నే ఏం తాగావురా?"

"కార్పొరల్‌గారి దుకాణానికే వచ్చా. ఆయన గురువారం గురువారం నన్ను టాక్సీలో ఎక్కించుకుని నా చేతికిస్తాడు. మూడేళ్ళయింది. ఇప్పుడాయన లేడు, నువ్వివ్వు."

"నీ నోరు పడిపోను! నా మొగుడు నీకు డబ్బిస్తాడా?"

"అడుగు. ఈ సంతలో నీకు తప్ప అందరికీ తెలుసు."

పక్క బడ్డీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో వాల్డీన్‌కి ఒళ్ళు మండిపోయింది. గరిటె ముంచి, కుతకుత ఉడుకుతున్న పులుసు వాడి ఛాతీ మీద కొట్టింది. వాడు కెవ్వుమని చొక్కా పీక్కుంటూనే హెల్మెట్ ఎత్తి ఆమె మూతి మీద బాదాడు. పై పెదవి చీలింది, ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. ఆమె తేరుకునేలోపు వాడు పులుసు గిన్నె తన్నేశాడు, కాటా కింద పడేసి బూటుతో తొక్కాడు. మాంసం ముక్కలు బురదలో కలిశాయి. ఆమె కత్తి అందుకోబోతే చెయ్యి మెలితిప్పి, మొహాన్ని మొద్దుకేసి రెండుసార్లు కొట్టాడు.

"వచ్చే శుక్రవారం పది వేలు. లేకపోతే మా పెద్దాయన అంకుల్ ఫిట్జే వస్తాడు. ఆయన నాలాగా మెత్తగా మాట్లాడడు," అని వాడు బండెక్కి పోయాడు.

ఒక్కళ్ళూ లేవలేదు. కందగడ్డల ముసలమ్మ మాత్రం తడిగుడ్డ తెచ్చి ఆమె మూతికి అద్దింది. "ఓర్చుకో తల్లీ. మాకు అలవాటైపోయింది, నీకూ అవుతుంది," అంది. దెబ్బకన్నా ఆ మాటే వాల్డీన్‌కి ఎక్కువ మండింది.

క్యాంపులో ఫోన్లు తీసేసుకుంటారు. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు ఇస్తారు. ఆ పది నిమిషాల కోసం ఆమె రెండు రోజులు మంచం మీద ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది.

"టాక్సీ అప్పు కట్టావా?" అదీ అతని మొదటి మాట.

"కట్టా."

"టిక్కు పెట్టావా?"

"పెట్టా. ఊడిన పన్ను చేతిలో పట్టుకుని మరీ పెట్టా."

జరిగింది చెప్పింది. అబద్ధమని అరుస్తాడేమో, వాణ్ణి నరుకుతానంటాడేమో అని ఆమె ఎదురుచూసింది. అతను అరిచింది వేరే.

"దొంగ వెధవ! నేను ముందే ఇచ్చానే! బయల్దేరే ముందు, క్యాంపు రెండు వారాలకీ కలిపి పది వేలు! సంతకం కూడా పెట్టించుకున్నా!"

"ఏం పెట్టించుకున్నావ్?"

"సంతకం. పరుపు కింద నీలం పుస్తకం ఉంది చూడు. సైన్యంలో సంతకం లేకుండా దుప్పటి కూడా ఇవ్వరు. అలవాటైపోయింది."

వాల్డీన్‌కి నవ్వొచ్చింది. మామూలుకి రసీదు! లోకంలో ఇంకెవడైనా చేస్తాడా ఈ పని? నవ్వితే పెదవికి వేసిన కుట్లు తెగి, రక్తం గడ్డం మీదికి కారింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

"మూడేళ్ళు నన్ను ఆ సంతలో రాణీలా తిరగనిచ్చావు కదయ్యా. నేను వాళ్ళందర్నీ ఎన్నెన్ని మాటలన్నాను! నువ్వేమో రాత్రిపూట వాడికి డబ్బులిచ్చి, వాడి ఎంగిలి సంతకం పరుపు కింద దాచావు. ఆ పరుపు మీదేగా నేను పడుకున్నది!"

"నీకేం కాకూడదనే ఇచ్చానే. నమ్ము. ఇదుగో, విను, టైమైపోతోంది. ఆ పుస్తకం ఎవరికీ చూపించకు. బూట్ల కవర్లో ఆరు వేలున్నాయి, చర్చి కవర్లో నాలుగు. రెండూ కలిపి వాడి మొహాన కొట్టు. వచ్చాక నేను సర్దుతా."

"ఒకసారి ఇచ్చిందే మళ్ళీ ఇవ్వమంటావా?"

"ప్రాణం కంటే..." అంటుండగా ఫోను ఆగిపోయింది.

ఆమె పరుపెత్తి పుస్తకం తీసింది. ప్రతి వారం ఒక వరస. తేదీ, అయిదు వేలు, పక్కన టెవిన్ మెక్‌కెంజీ అని పూర్తి పేరుతో సంతకం, దాని కింద వంకర గీత. అభిమానులకి సంతకాలిచ్చే ఆటగాడిననుకున్నాడు కాబోలు వెధవ. చివరి పేజీలో "రెండు వారాలకి ముందుగా, పది వేలు, ముట్టినవి" అని ఉంది.

వాల్డీన్ వంటింట్లోకి వెళ్ళి బూట్ల కవరూ, చర్చి కవరూ తాడు మీంచి తీసింది. చేతిలో పట్టుకుని కాసేపు నిలబడింది. ఇచ్చేస్తే ఈ శుక్రవారం గడుస్తుంది. ఆ పై శుక్రవారం? పాప కాళ్ళకి బూట్లు లేకుండా వాడి బండికి పెట్రోలు పొయ్యాలా? ఛీ, చస్తే ఇవ్వను, అనుకుంది. రెండు కవర్లూ మళ్ళీ తాడుకే తగిలించి, పాపని నాయనమ్మ దగ్గరికి పంపేసింది.

శుక్రవారం మధ్యాహ్నం అంకుల్ ఫిట్జ్ వచ్చాడు. తెల్లచొక్కా, కళ్ళజోడు, మెరిసే బూట్లు. చూస్తే బడిపంతులు అనుకోవాలి. వెనక ఇద్దరు మనుషులు, వాళ్ళ వెనక ఛాతీకి కట్టుతో టెవిన్.

"నా మనిషి మీద పులుసు పోశావటమ్మా. రెండు వారాల బాకీ కూడా ఎగ్గొట్టావట. డబ్బుకేముంది, ఇవాళ కాకపోతే రేపొస్తుంది. కానీ సంతంతా చూస్తోంది కదా."

ఆయన చూపుకి ఇద్దరు మనుషులూ ముందుకొచ్చారు. ఒకడు ఆమె జుట్టు పట్టి వంచాడు. ఇంకొకడు ఆమె కుడిచేతిని మొద్దు మీదికి లాగి మణికట్టు అదిమిపెట్టి, ఆమె కత్తే అందుకున్నాడు. పొద్దుటి మేక రక్తం ఇంకా ఆరలేదు. అరచెయ్యి దానికి అతుక్కుంది. ఆ చెయ్యి పోతే దుకాణం లేదు, పాప బడి లేదు, ఏమీ లేదు.

"కొట్టే ముందు చదవండి!" అని అరిచింది వాల్డీన్. "నా ఆప్రాన్ జేబులో ఉంది! మీ డబ్బు మీకు ముట్టలేదు, నా డబ్బు నా దగ్గర లేదు. మధ్యలో తిన్నదెవడో చదివి కొట్టండి!"

అంకుల్ ఫిట్జ్ పుస్తకం తీసి, వేలు తడిచేసుకుని, మొదటి పేజీ నుంచి తాపీగా చదివాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు టెవిన్. పారిపోదామని చూశాడు గానీ చేపల బడ్డీ కుర్రాళ్ళు దారిచ్చినట్టే ఇచ్చి, కాలడ్డం పెట్టారు. బోర్లా పడ్డాడు. ఫిట్జ్ మనుషులు వాల్డీన్‌ని వదిలి, వాణ్ణి డొక్కల్లో తన్నుతూ లాక్కొచ్చారు.

"ఈ సంతకం నీదేనా నాన్నా?"

"సరదాకి పెట్టానంకుల్..."

"ఇందులో వారానికి అయిదు వేలని ఉంది. నాకు మూడు తెచ్చేవాడివి కదా. మూడేళ్ళుగా సరదాయేనా?"

ఫిట్జ్ మనిషి కత్తి పిడి వాల్డీన్ వైపు తిప్పి చాపాడు.

"కత్తి నీది, మొద్దు నీది, లెక్క నీ ఇంటిది. రెండు వేళ్ళు. నువ్వే కొట్టు," అన్నాడు ఫిట్జ్.

"నేను మేకల్ని కోస్తానయ్యా. మనుషుల్ని కాదు."

"అలాగా. అయితే నీ చెయ్యి మళ్ళీ అక్కడ పెట్టిస్తాను."

టెవిన్ చేతిని మొద్దు మీద పరిచి పట్టుకున్నారు. వాడు ఏడుస్తున్నాడు, చీమిడి కారుతోంది. "అక్కా, వద్దక్కా, నీ పులుసు తాగినవాణ్ణక్కా" అంటున్నాడు. వాల్డీన్‌కి తెలుసు, తను కొట్టకపోతే వాళ్ళు కొడతారు. చేతకానివాడు కొడితే ఎముక నలుగుతుంది, చెయ్యంతా కుళ్ళుతుంది. బొటనవేలితో తడిమి కీలు ఎక్కడుందో చూసుకుంది. "కళ్ళు మూసుకో," అంది. ఒక్కటే దెబ్బ. మేక కాలు కొట్టినప్పుడు వచ్చే చప్పుడే వచ్చింది, తేడా ఏం లేదు. జీవితాంతం ఆమె మరిచిపోలేనిది అదే.

తెగిన వేళ్ళు మాంసం ముక్కల మధ్య పడ్డాయి. ఆమె ఆప్రాన్ విప్పి వాడి చేతికి బిగించి కట్టింది. వాడు అమ్మా అమ్మా అని పొర్లుతుంటే, చేపల బడ్డీలో ఎవరో రేడియో పెంచారు.

అంకుల్ ఫిట్జ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ ఆయన చేతిరాత ముత్యాలేనమ్మా. ఒక్క తేదీ తప్పలేదు, ఒక్క కొట్టివేత లేదు. ఇలాంటివాడు నా దగ్గర లేడు." ఎదురు కొట్టు నుంచి లావుపాటి లెక్కల పుస్తకం కొనిపించి, నెత్తురు లేని చోటు చూసి మొద్దు మీద పెట్టించాడు. "ఆదివారం వస్తాడుగా. ఇక సంతంతటి మామూళ్ళూ ఇందులో రాయమను. సోమవారం పొద్దున్న చూస్తాను."

ఆదివారం సాయంత్రం లాన్‌ఫర్డ్ సంచీ భుజాన వేసుకుని వచ్చాడు. గుమ్మంలోంచే వంటింటి గోడ వైపు చూశాడు. ఏడు కవర్లు, ఏడు టిక్కులు. "శెభాష్!" అన్నాడు. అప్పుడు ఆమె మొహం చూశాడు. పక్కనే ఎనిమిదో క్లిప్పుకి వేలాడుతున్న లావుపాటి పుస్తకం చూశాడు.

వాల్డీన్ అంతా చెప్పింది. అతను యూనిఫాంతోనే కుర్చీలో కూలబడ్డాడు.

"చూపించొద్దన్నాను కదే! డబ్బు ఇచ్చెయ్యమన్నాను కదే!"

"అన్నావు."

"నేను సైనికుణ్ణి. ఆ రౌడీ దగ్గర గుమాస్తాగిరీ నా వల్ల కాదు."

"మూడేళ్ళు చేశావుగా. ఇన్నాళ్ళూ మనింటి పద్దు ఒక్కటే రాశావు. ఇకనుంచి ఊరందరిదీ. చెయ్యనంటే ఈ రాత్రే నలుగురం బస్సెక్కుదాం, అత్తయ్యతో సహా. దుకాణం పోనీ, టాక్సీ పోనీ, అడుక్కుతిందాం. లేవగలవా?"

అతను గోడ మీది కవర్ల వైపు చూశాడు. టాక్సీ అప్పు, చీటీ, బడి బూట్లు. కుర్చీలోంచి లేవలేదు. వాల్డీన్‌కి అతని మీద జాలేసింది, అసహ్యం వేసింది, రెండూ ఒకేసారి. ఆమె పుస్తకం క్లిప్పు నుంచి తీసి, మొదటి పేజీ తెరిచి అతని ముందు పెట్టింది. పెన్సిలు ఇచ్చింది.

"అయితే మొదటి పద్దు నేను చెప్తా, రాయి. శుక్రవారం. టెవిన్ మెక్‌కెంజీ. కుడిచెయ్యి, రెండు వేళ్ళు. కొట్టింది వాల్డీన్."

"వాల్డీన్, వద్దే..."

"రాసి కింద సంతకం పెట్టు. సంతకం లేకుండా దుప్పటి కూడా ఇవ్వరన్నావుగా."

అతను తేదీ వేశాడు. ఆమె పేరు దగ్గరికి వచ్చేసరికి గట్టిగా నొక్కాడు, పెన్సిలు ముల్లు పుటుక్కున విరిగింది. వాల్డీన్ మాంసం కత్తి తెచ్చి, అతని ఎదురుగా కూర్చుని, పెన్సిలు చెక్కి, మళ్ళీ అతని వేళ్ళ మధ్య పెట్టింది.