అట్ట మారిన సినిమా

అన్నయ్య రాసింది చుక్క ఆఫీసు వరండాలో నిలబడే చదివింది. లోపలికి వెళ్లి కూర్చోవాలని కూడా తోచలేదు.

"నలుపు బొగ్గుముద్దలా ఉంది. ముఖాలకు మైనం పూసినట్టుంది. వానపాటలో వాన మూకుడులో నూనె కాగుతున్నట్టు వినపడుతుంది. ఈ కంపెనీ చేతిలో పడ్డ సినిమాకు ఇంక వేరే చావు అక్కర్లేదు. కొనకండి. ఊరికే ఇచ్చినా ఇంట్లోకి రానివ్వకండి."

పాత భారతీయ సినిమాలు బ్లూ-రే డిస్కులుగా వచ్చినప్పుడు బొమ్మ ఎలా ఉంది, శబ్దం ఎలా ఉంది అని చూసి చెప్పడం అన్నయ్య పని. తన సైటులో డేగ అనే పేరుతో రాస్తాడు. డేగ బాగుందంటే డిస్కు అమ్ముడుపోతుంది, పెదవి విరిస్తే గోడౌనులో మూలుగుతుంది. ఈసారి తిట్లు తిన్న కంపెనీ చుక్క భర్తది. ఆ సినిమాను శుభ్రం చేసింది చుక్క.

ఇంట్లో అందరికన్నా చిన్నదని ఆమెకు చుక్క అని పేరు పెట్టింది కూడా అన్నయ్యే. చివరికి ఆమె చేసే పని కూడా చుక్కలు ఏరడమే అయింది. పాత ఫిల్ము మీద దుమ్ము, గీతలు, బూజు మచ్చలు కంప్యూటరు తెర మీద ఒక్కొక్కటీ వెతికి, కింద ఉన్న బొమ్మ చెడకుండా తుడవాలి. "పేరు పెట్టిన రోజే నీకు ఉద్యోగం కూడా వేయించేశారు" అని ఆఫీసులో సౌండు చూసే ఆయన నవ్వేవాడు.

ఆ కంపెనీని మొదట పెట్టింది అన్నయ్య, అతనికి బావ అయిన చుక్క భర్త కలిసి. కొన్నాళ్లకు పేచీ వచ్చింది. ఫిల్ము ఎక్కడున్నా వెతికి తెచ్చి, మొదటినుంచి సరిగ్గా చేయాలనేవాడు అన్నయ్య. దొరికిన కాపీనే సాగదీసి, గీతలు కనపడకుండా మెత్తగా రుద్దేసి, నెలకొకటి బయటికి తోసేద్దామనేవాడు బావ. ఒకరోజు పనివాళ్లందరి ముందూ బావ తలుపు తీసి పట్టుకుని, "నీ చాదస్తం మీ ఇంట్లో చూపించుకో" అన్నాడు. అన్నయ్య వెళ్లిపోయాడు. మరుసటి డిస్కు మీద అతని పేరు లేదు. ఆ తర్వాత డేగ పుట్టింది.

నిజం చెప్పాలంటే, అప్పటినుంచి డేగ తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవే. తలలు తెగిపోయిన ఫ్రేములు, మాటకూ పెదవికీ పొంతన లేని సీన్లు, పాలిపోయిన రంగులు. చుక్క ఇంట్లో భర్తతో ఏమీ అనకపోయినా, చదివిన ప్రతిసారీ అన్నయ్య మాటే నిజమనుకునేది. అందుకే పని నేర్చుకుంది. ఒక పాత నలుపు తెలుపు సినిమాను భర్త దగ్గర పట్టుబట్టి తీసుకుంది. ఏడాదికి పైగా దానితోనే బతికింది. ఫిల్ముకు సహజంగా ఉండే సన్నటి ఇసుకలాంటి పొడిని రుద్దెయ్యకుండా ఉంచింది. వానపాటలో చీకటిగది గోడ మీది చెమ్మ కనిపించేదాకా నలుపును విప్పింది. సౌండాయనతో దెబ్బలాడి, శబ్దాన్ని నాలుగు వైపులా చిందించకుండా ఆ రోజుల్లో హాల్లో వినపడినట్టే ఉంచింది. డిస్కు అచ్చయి రాగానే మొదటి కాపీ డేగకు పంపించింది.

ఇప్పుడు ఈ బొగ్గు, ఈ మైనం.

మొదట తన కళ్లనే అనుమానించింది. డిస్కు సంచిలో వేసుకుని బజారులో టీవీలమ్మే దుకాణానికి వెళ్లి, వరసగా ఉన్న టీవీల్లో వేసి చూపించమంది. కొనే మనిషి కాదని తెలిసినా దుకాణంవాడు వేశాడు. కాసేపటికి పక్క గిరాకీని వదిలేసి వచ్చి నిలబడ్డాడు.

"ఎప్పటి సినిమా మేడమ్ ఇది?"

"మా అమ్మ చిన్నప్పటిది."

"వానకు గోడ తడిసింది కూడా తెలుస్తోంది" అన్నాడతను.

ఆ వారంలోనే వదిన ఇంటికొచ్చింది. అన్నయ్యకూ బావకూ మాటల్లేకపోయినా వదినా ఆడబడుచుల రాకపోకలు ఆగలేదు. వదిన బడిలో లెక్కలు చెబుతుంది, అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. చుక్క టీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఒక్కటడుగుతా, దాచకుండా చెప్పు వదినా. అన్నయ్య ఆ సినిమా పూర్తిగా చూశాడా?"

వదిన టీ మీది మీగడను వేలితో తీసి పక్కన పెట్టింది. "రెండుసార్లు చూశాడు. రెండోసారి నన్నూ పిలిచి కూర్చోబెట్టాడు. వానపాట దగ్గర ఆపి, గోడ మీద చెమ్మ చూడవే అన్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు."

"మరి?"

"మరంటే నేనేం చెప్పను. అవ్వగానే వెళ్లి రాయడానికి కూర్చున్నాడు. ఇదేంటండీ అంటే, బాగుందని రాస్తే మీ ఆయన మీసం ఇంకో బెత్తెడు పెరుగుతుంది అని చుక్కకు చెప్పు అన్నాడు. నేను చెప్పలేదు."

"శుభ్రం చేసింది నేనని తెలుసా అతనికి?"

"తెలుసు. చూసే ముందే చెప్పా."

అప్పటిదాకా ఆపుకుంటూ వచ్చిన ఏడుపు ఆ మాటతో ఇంకిపోయింది. దాని చోట పంతం వచ్చి కూర్చుంది. చుక్క లేచి రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. "టీ చల్లారిపోయింది, ఇంకోటి పెడతానుండు" అంది మామూలుగా.

దారి దానంతటదే దొరికింది. వేరే దేశంలో పాత సినిమాల డిస్కులు వేసే కంపెనీ ఒకటి అదే సినిమా కావాలని ఉత్తరం రాసి ఉంది. భర్త దాన్ని పట్టించుకోలేదు.

"డేగ పొడిచిన సరుకు ఎవడికి కావాలి?" అన్నాడు.

"వాళ్లు డేగను చదవరు. ఇచ్చెయ్యి. కాకపోతే బొమ్మలో గానీ శబ్దంలో గానీ చిటికెడు కూడా మార్చకూడదని రాయించుకో. ఎవరు చేశారో అట్ట మీద వెయ్యక్కర్లేదని కూడా చెప్పు."

"పేరు వద్దా? ఎందుకు?"

"వద్దన్నానుగా."

భర్తకు అర్థం కాలేదు. కానీ భార్య వ్యాపారం మాట్లాడటం అదే మొదటిసారి కాబట్టి మురిసిపోయి సంతకం చేశాడు. కొన్ని నెలలకు ఆ కంపెనీ డిస్కు వచ్చింది. దళసరి అట్టపెట్టె, దాని మీద ఎవరో చిత్రకారుడు వేసిన కిటికీ, లోపల చిన్న పుస్తకం. సినిమా మాత్రం చుక్క చేసిందే. ఆ కంపెనీవాళ్లు పేరున్న రాతగాళ్లందరికీ పంపినట్టే డేగకూ ఒకటి పంపారు.

డేగ రాశాడు.

"చీకటిగదిలో గోడ చెమ్మ కనిపిస్తుంది. నలుపును ఇలా విప్పాలి. ముఖాల్లో ప్రాణముంది. వాన వానలాగే పడుతుంది. ఈ పని చేసిన చేతులు ఎవరివో తెలియదు. ఎవరివైనా వాటికి దండం పెడుతున్నాను. ఇదే సినిమాను బొగ్గులో ముంచి తీసిన మన మహానుభావుడు ఈ డిస్కు కొనుక్కుని, రోజూ ఒకసారి చూసి సిగ్గు తెచ్చుకోవాలి."

చుక్క ఆ దండం దగ్గర చాలాసేపు ఆగిపోయింది. చిన్నప్పుడు హాల్లో పక్కన కూర్చోబెట్టుకుని, హీరోను కాదే, తెర మూలలు చూడు, పనితనం అక్కడ తెలుస్తుంది అని చెప్పింది ఈ అన్నయ్యే. అతని నోట ఒక్క మంచిమాట కోసం ఎన్నేళ్లు కాచుకుందో లెక్కలేదు. ఇక్కడితో ఊరుకుంటే ఏం అని ఒక్క క్షణం అనిపించింది. ఆ వెంటనే "తెలుసు, చూసే ముందే చెప్పా" అన్న వదిన మాట గుర్తొచ్చింది. మనసు మళ్లీ గట్టిపడింది.

సంగతి అర్థమయ్యాక భర్త కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "ఇవాళే బయటపెడదాం. మీ అన్నయ్య పని అయిపోయింది."

"నువ్వు వేలు పెట్టకు. ఇది నాకూ అన్నయ్యకూ మధ్య."

ఆదివారం మధ్యాహ్నం అన్నయ్య ఇంటికి వెళ్లింది. సినిమాలు చూసే గది పాతదే. గోడలకు నల్లగుడ్డ, కిటికీలకు దుప్పట్లు, శబ్దం అన్ని వైపులనుంచీ సమానంగా అందేచోట ఒకే ఒక్క కుర్చీ. ఆ కుర్చీ అన్నయ్యది. మిగతావాళ్లెవరైనా చాప మీదే.

"ఇన్నాళ్లకు దారి తెలిసిందా?" అన్నాడు అన్నయ్య. ముఖంలో సంతోషం, బెరుకు రెండూ ఉన్నాయి.

"నా పని ఎక్కడ చెడిందో నేర్చుకుందామని వచ్చా. మాదీ, బయటిదీ రెండూ తెచ్చా. వానపాట ముందు మాదానిలో, తర్వాత బయటిదానిలో చూసి, తేడా నాకు విప్పి చెప్పు."

"ఇప్పుడెందుకులే చుక్కా."

"నువ్వు చెప్పకపోతే నాకెవరు చెబుతారు?"

అన్నయ్య కాదనలేకపోయాడు. ప్లేయరు అతని కుర్చీ వెనక ఉంది. వదిన అక్కడ నిలబడి డిస్కు వేసి, తిన్నగా పాట దగ్గరికి తెచ్చింది. పాట అయిపోయింది. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇది మీదే. ఆ మూల చూడు, నలుపు మూసుకుపోయింది. ముఖం కూడా కాస్త..."

"మైనంలా ఉందా?"

"ఊఁ."

వదిన మళ్లీ పాట వేసింది. ఈసారి అన్నయ్య ముందుకు వంగి చూశాడు. "ఇదీ పనంటే. అదే మూల చూడు, గోడ ఎలా తెలుస్తోందో. వాన వింటున్నావా?"

"వింటున్నా" అంది చుక్క. "వదినా, డిస్కు తీసి చూపించు."

వదిన డిస్కు తీసుకుని ముందుకొచ్చింది. "చుక్క అడిగితే రెండుసార్లూ ఇదే వేశానండీ. చుక్క వాళ్లదే."

అన్నయ్య డిస్కు వైపు చూశాడు, తర్వాత వదిన వైపు చూశాడు. చుక్క వైపు మాత్రం చూడలేదు.

"బయటిది వేసినా ఇదే కనపడేది" అంది చుక్క. "అదీ నేను చేసిందే. అట్ట ఒక్కటే వాళ్లది. నువ్వు దండం పెట్టింది నా చేతులకే."

అన్నయ్య అన్నాడు, "బావ మీది కోపం అది. నీ మీద కాదు."

"మీ బావ ఆ సినిమాలో ఒక్క మచ్చ కూడా తుడవలేదు. నీకు తెలుసు."

"తెలుసు."

"తెలిసే రాశావు. ఇప్పుడు జరిగింది నువ్వు రాస్తావా, నేను రాయనా?"

"రాస్తే నన్నింకెవరు నమ్ముతారే?"

"నమ్మరు."

"ఇది తప్ప నాకింకేముంది చెప్పు."

"నాకూ ఆ సినిమా ఒక్కటే ఉండింది అన్నయ్యా."

అతను రాయలేదు. రెండు వారాలు చూసి చుక్కే రాసింది. రెండు డిస్కుల్లోని ఒకే ఫ్రేమును పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని కింద డేగ రాసిన మాటలు పెట్టింది. అక్కడితో ఆగలేదు. అంతకుముందు ఆ కంపెనీ వేసిన డిస్కుల మీద డేగ తిట్లన్నీ నిజమేనని, సినిమాను సరిగ్గా చేద్దామన్నందుకే అతన్ని పనివాళ్ల ముందు బయటికి పంపారని కూడా రాసింది. కింద తన అసలు పేరు పెట్టింది.

భర్త అది చదివి వంటింట్లోకి వచ్చాడు. "నా కొంప కూడా ముంచావేంటి?"

"అందులో అబద్ధం ఏదో చూపించు, తీసేస్తా."

పాత డిస్కులు దుకాణాలనుంచి కట్టలు కట్టలుగా వెనక్కొచ్చాయి. డేగను ఇన్నేళ్లు నమ్మినవాళ్లు, ఇంకా ఎన్నిటిని ఇలా పొడిచావో అని అతని రాతలన్నీ తవ్వి తిట్టిపోశారు. అన్నయ్య కొన్నాళ్లు ఓర్చుకుని సైటు మూసేశాడు. ఆ విదేశీ కంపెనీ తర్వాతి సినిమా నేరుగా చుక్కకే ఇచ్చింది. అట్ట మీద పేరు వేస్తామంది. చుక్క తన భర్త ఆఫీసులో పని మానేసి, చెప్పులు కుట్టే కొట్టు పైన ఒక గది అద్దెకు తీసుకుంది.

వదిన ఒక సాయంత్రం ఆ గదికి వచ్చింది.

"ఎలా ఉన్నాడు?" అంది చుక్క, తెర మీదినుంచి చూపు తిప్పకుండా.

"చూస్తూ కూర్చుంటాడు. బాగుందనీ అనడు, బాలేదనీ అనడు. జాలిగా లేదా నీకు?"

చుక్క నిజాయితీగానే లోపల వెతికి చూసుకుంది. "ఇంకా రాలేదు వదినా."

వదిన బల్ల అంచు గోకుతూ నిలబడింది. "నువ్వు ఇప్పుడు చేసేది ఏ సినిమానో కనుక్కు రమ్మన్నాడు."

"వచ్చాక అందరిలాగా దుకాణంలో కొనుక్కోమను."

వదిన మెట్లు దిగి వెళ్లిపోయింది. తెర మీద ఉన్నది రంగుల సినిమా. వయసు మీదపడి రంగులన్నీ గులాబీ అయిపోయాయి. ఆకాశం, చెట్లు, తల్లి ముఖం, అన్నీ ఒకటే గులాబీ. నీలం తేవడానికి చుక్క ముందు ఆకాశాన్ని పట్టుకుంది.