జాక్లిన్ పాడితే వచ్చే సముద్రం

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమృతం ముందు చెప్పులన్నీ ఏరి వాషింగ్ మెషిన్ మీద పెడుతుంది. తర్వాత బియ్యం బస్తా. ఎలియాజర్ వచ్చి ఒక చెయ్యి వేస్తే ఇద్దరూ కలిసి దాన్ని గరాజ్‌లో పై అరకి ఎక్కిస్తారు. వారమంతా రూట్ బస్సు నడిపి నడుం పట్టేసిన మనిషి కాబట్టి ఎత్తేటప్పుడు ఒకసారి మూలుగుతాడు. "ఇక కానియ్యమ్మాయ్" అని అమృతం కేకేశాక, వాళ్ళ కూతురు జాక్లిన్ మైకు చేతిలోకి తీసుకుంటుంది.

ఆమె ర్యాప్ మొదలుపెట్టిన కాసేపటికి సముద్రం వస్తుంది.

వాళ్ళుండే క్రెయిగీబర్న్ మెల్‌బోర్న్‌కి ఉత్తరాన, ఎండకి గడ్డి తెల్లబడిపోయే చోటు. సముద్రం చూడాలంటే కారేసుకుని నగరం మొత్తం దాటాలి. అయినా జాక్లిన్ నోరు తెరిస్తే వీధి చివర రౌండెబౌట్ వైపు నుంచి నీళ్ళు చప్పుడు లేకుండా నడిచొస్తాయి. డ్రైవ్‌వే ఎక్కి, గరాజ్‌లో చీలమండలదాకా నిలబడతాయి. పాట అయిపోయాక వచ్చిన దారినే వెళ్ళిపోతాయి. నేలమీద నాలుగు గవ్వలు, ఒక్కోసారి ఒక పీత మిగులుతాయి. పక్కింటి శ్యామసుందరి ఆంటీ గోంగూర కుండీల్ని గోడమీదికి చేర్చుకుంటుంది. "ఉప్పు తగిలితే వేరు కుళ్ళిపోద్దమ్మా, మొదలెట్టేముందు ఒక మెసేజ్ పెట్టు" అని ఎప్పుడో చెప్పింది. అప్పట్నుంచి జాక్లిన్ మర్చిపోకుండా పెడుతుంది. ఆ నీళ్ళు తగిలి ఏ స్పీకరూ, ఏ వైరూ ఇంతవరకూ చెడిపోలేదు. బియ్యం మాత్రం చెడిపోతాయి.

జాక్లిన్ చిన్నప్పుడే మచిలీపట్నం నుంచి అమ్మానాన్నలతో ఇక్కడికి వచ్చింది. పగలు ఫార్మసీలో పని. ఆమె ర్యాప్‌కి బీట్లు కట్టేవాడు అచ్యుత్. యూనివర్సిటీలో పరిచయం. గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన డెంటిస్టుగారి అబ్బాయి, ఇక్కడే పుట్టాడు. అతని బీట్లకి తల ఊపడం కష్టం. ట్రైను తలుపులు మూసుకునే చప్పుడు, రోడ్డు దాటేచోట టక్‌టక్‌మనే స్తంభం, వెనక్కి తిప్పిన అమృతం కుక్కరు కూత, వీటన్నిటినీ కోసి అతికిస్తాడు. లయ కుదురుకుంటోందనిపించగానే విరిచేస్తాడు. "తల ఊగిందంటే బ్రెయిన్ నిద్రపోయినట్టే" అంటాడు. వాళ్ళ పాటలు వినేవాళ్ళు కొద్దిమందే. ఆ కొద్దిమందీ వాటి గురించి పేజీలకి పేజీలు రాస్తారు.

జాక్లిన్‌కి ఆ బీట్లంటే ఇష్టం. ఎక్కడ విరుగుతుందో తెలియని చోట మాట పెట్టడం ఆమెకి సరదా. మాటలు మాత్రం తేలిక మాటలే:

మా నాన్న బస్సు నడుపుతాడు, ఎవరి స్టాపు వాళ్ళదే,
ఎక్కినవాడు దిగేదాకా రోడ్డు మొత్తం మనదే.

వెంకీ దారి వేరు. సిడ్నీలో రౌస్ హిల్ కుర్రాడు. కరీంనగర్ నుంచి వచ్చిన అతని తల్లిదండ్రులిద్దరిదీ ఐటీ ఉద్యోగమే. వెంకీ నల్లద్దాలు, మోకాళ్ళదాకా దిగే వెండిరంగు కోటు తెలియని తెలుగు పిల్లలు ఈ దేశంలో లేరు. పెళ్ళి రిసెప్షన్లో అతని పాట పడితే తాతలు కూడా చేతులు పైకెత్తుతారు. ఇంట్లోంచి గెంటేస్తే ట్రైన్లలో పడుకుని పెరిగానని అతను పాడిన పాట అందరికీ నోటికొచ్చు.

అచ్యుత్ ఆ వెంకీ మీద ఒక వీడియో పెట్టాడు. ఒక షోలో వెంకీ మైకు కిందికి దించేసినా గొంతు ఆగకుండా సాగిపోవడాన్ని నెమ్మదిగా తిప్పి చూపించాడు. దాని పక్కన రౌస్ హిల్‌లో రెండంతస్తుల ఇంటిముందు స్కూలు యూనిఫారంలో నవ్వుతున్న వెంకీ ఫొటో. కింద 'ర్యాపా, వేషమా?' అని రాశాడు.

అది ఊళ్ళకి ఊళ్ళు తిరిగింది. చర్చి అయ్యాక భోజనాల దగ్గర ఇదే మాట, సిడ్నీలో హారిస్ పార్క్ మిఠాయి కొట్ల ముందూ ఇదే మాట. ర్యాప్ అంటేనే సొంత బతుకు చెప్పుకోవడం, పడని కష్టం పాడితే పడినవాడి దగ్గర దొంగిలించినట్టేనని కొందరు. స్టేజి మీద రాజు వేషం వేసినవాడిని నీ రాజ్యం ఏదని ఎవరైనా అడుగుతారా అని కొందరు.

"పోయిన నెల నేను బాస్ జలసంధికి రాణినని పాడాను" అంది జాక్లిన్ గరాజ్‌లో. "నాకు ఓడలున్నాయన్నాను. సముద్రం వచ్చిందిగా?"

"దట్స్ డిఫరెంట్."

"ఏంటి డిఫరెంట్? నువ్వు డెంటిస్టు కొడుకువి. మోచేతుల దగ్గర చిరిగిన కోటు వేసుకుంటావ్. కొన్నప్పుడే చిరిగుంది అది."

అచ్యుత్ తన మోచేతులు చూసుకున్నాడు. "నా గురించి కథలు చెప్పి నేను టికెట్లు అమ్మట్లేదు, జాక్లిన్" అన్నాడు. అదీ నిజమేననిపించింది ఆమెకి.

ఒక వారం పోయాక, ఒక పనిరోజు సాయంత్రం, వెంకీ ఒక్కడే ట్యాక్సీ దిగి జాక్లిన్ వాళ్ళింటికి వచ్చాడు. కోటు లేదు. మామూలు టీషర్టు, నల్లద్దాలు. మెల్‌బోర్న్‌లో తన షో ఉందని, ముందుగా జాక్లిన్ పాడాలని అడిగాడు.

"నీ పాట ఇన్న" అన్నాడు. తర్వాత ఎందుకో సర్దుకుని, "చూసిన. నీళ్ళొచ్చే వీడియో. ఒక్కసారి నా ముందట పాడవా" అన్నాడు.

అమృతం చెప్పులెత్తింది. జాక్లిన్ పక్కింటికి మెసేజ్ పెట్టి, నాన్న బస్సు పాట మొదలుపెట్టింది. నీళ్ళు వచ్చాయి. అవి చీలమండలకి తగలగానే వెంకీ అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఎడమ చెంప నీళ్ళలో ఆనించి, చెవి మునిగేలా వంగి, కళ్ళు మూసుకున్నాడు. జాక్లిన్ ఆగబోతే ఆపొద్దన్నట్టు చెయ్యెత్తాడు. ఆమె మొదటినుంచీ మళ్ళీ పాడింది, మళ్ళీ పాడింది. నీళ్ళు వెళ్ళిపోయాక కూడా అతను తడి సిమెంటు మీద అలాగే ఉన్నాడు. చెంపకి ఇసుక అంటుకుంది.

"నాకు ఇనపడదు" అన్నాడు లేచి కూర్చుని. "కుడి చెవి మొత్తం పోయింది. ఎడమ దాంట్ల మోత తప్ప ఏం లేదు. చెవిల మిషన్ పెడితే మాటలు జర తెలుస్తయ్. బీటు తెల్వదు. బీటు తెల్వకుంటే నోట్లకెళ్ళి ఏదీ సక్కగ రాదు. అందుకే పాత రికార్డు పెట్టి మూతి ఆడిస్తున్న."

"మరి ఈ అద్దాలు?"

"అందరి మూతుల దిక్కు చూస్తనే ఉంటగద. కనపడకుండ."

జాక్లిన్ అతనికి తన పెదాలు కనపడేలా తిరిగి అడిగింది. "ట్రైన్లలో పడుకున్నది?"

వెంకీ నవ్వాడు. "అబద్ధమే. కానీ ఆ పాట రాసిననాడు చెవులు అప్పుడప్పుడే పోతున్నయి. ఇల్లంత ట్రైన్ లెక్కనే ఉండె. మోత ఒక్కటే, ఎవరేం అంటున్నరో ఇనపడకపోయేది. అట్ల రాస్తే ఎవరికి అర్థమైతది? గెంటేసిన్రు అని రాసిన. అందరికి అర్థమైంది."

అతను తన చెంప తడుముకుని వేళ్ళకంటిన ఇసుక చూసుకున్నాడు. "ఇప్పుడు నీళ్ళల్ల నీ గొంతు ఇన్న. బస్సు అన్నవ్, స్టాపు అన్నవ్. మనిషి గొంతు సాఫ్‌గ ఇని ఏడాదైంది."

 ఇన్నాళ్ళూ తన సముద్రం ఎందుకొస్తుందని ఆమె ఎప్పుడూ అడగలేదు. ఎండ ఎందుకొస్తుందని ఎవరడుగుతారు?

"అచ్యుత్‌కి చెప్తాను. ఆ వీడియో తీసేస్తాడు" అంది.

"జాలితోని తీసేస్తడు. వద్దు. దొంగ అన్నా పర్లేదు, పాపం అనొద్దు."

ఆమె మాటిచ్చింది. షోలో పాడడానికీ ఒప్పుకుంది. అందువల్ల అచ్యుత్ నిలదీసినప్పుడు అసలు కారణం చెప్పలేదు.

"వాడి స్టేజి ఎక్కితే మనం చేసిందంతా జోక్ అయిపోద్ది" అన్నాడతను. "వాడికి నువ్వు కావాలి ఎందుకంటే నువ్వు రియల్. నిన్ను పక్కన నిలబెట్టుకుని ఆ మచ్చ కడుక్కుంటాడు."

"నేను పాడతాను అచ్యుత్. నువ్వు రాకపోతే బీటు లేకుండా పాడతాను."

అతను లాప్‌టాప్ మూసుకుని వెళ్ళిపోయాడు. కానీ షో రోజున అందరికంటే ముందే వచ్చి, స్టేజి పక్కన, ఇద్దరి పాటలకీ ఉన్న ఒకే ఒక్క సౌండు బల్ల దగ్గర వైర్లు కలుపుతూ కనిపించాడు. 

షో ఆదివారం మధ్యాహ్నం, నగరానికి పడమటివైపు ఒక పాత సినిమా హాల్లో. బాల్కనీతో సహా నిండిపోయింది. 'మైకు ఆన్ చెయ్' అని అట్టలమీద రాసి పట్టుకొచ్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. ముందు వరసలో ఎలియాజర్, అమృతం చర్చి బట్టల్లోనే కూర్చున్నారు. అమృతం తన చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది.

జాక్లిన్ పాడినప్పుడు ఎప్పట్లాగే చీలమండలదాకా నీళ్ళొచ్చాయి. చప్పట్లు కొట్టారు. తర్వాత వెండి కోటుతో వెంకీ వచ్చాడు. అతని పాట మొదలైంది, అట్టలు పైకి లేచాయి. హాలంతా ఒకటే ఈలలు. వాళ్ళేమంటున్నారో వెంకీ పెదాలు చూసి చదవగలడు. కాసేపు పెదాలు ఆడించాడు. ఆడించలేక ఆపేశాడు. అతని గొంతు మాత్రం స్పీకర్లలో హుషారుగా ట్రైన్ల గురించి పాడుతూనే ఉంది.

వెంకీ అద్దాలు తీసి, అచ్యుత్ వైపు తిరిగి, ఆపెయ్యమని సైగ చేశాడు.

అచ్యుత్ కోరుకున్న క్షణం అదే. ఊరికే చేతులు కట్టుకుని కూర్చున్నా చాలు, మిగతాది జనం చూసుకునేవాళ్ళు. అతను వెంకీ ముఖం చూసి, పాట ఆపేశాడు.

హాలు నిశ్శబ్దమైపోయింది. జాక్లిన్ మళ్ళీ స్టేజి మీదికి నడిచింది. జనానికి వీపు పెట్టి, వెంకీకి ఎదురుగా నిలబడింది.

వినపడకపోతే చెప్పు, మళ్ళీ చెప్తాను,
గట్టిగా కాదులే, నీళ్ళలో చెప్తాను.

ఈసారి సముద్రం చీలమండల దగ్గర ఆగలేదు. టికెట్లు చూసే అమ్మాయి తలుపులు పూర్తిగా తెరిచి పట్టుకుంది. నీళ్ళు మెట్లు దిగి, కుర్చీల మధ్యగా పారి, మోకాళ్ళు దాటాయి, నడుములదాకా వచ్చాయి. తండ్రులు పిల్లల్ని భుజాలకెత్తుకున్నారు. అట్టలు తేలిపోయాయి. స్టేజి లైట్లు నీళ్ళలోపలికి దిగి హాలంతా ఆకుపచ్చగా వెలిగింది. జనం చేతులు పైకి పెట్టుకుని, కిందికి చూస్తూ నిలబడ్డారు. వాళ్ళ మధ్యలోంచి వెడల్పాటి రెక్కల టేకుచేప ఒకటి దుప్పటి విదిల్చినట్టు ఈదుకుంటూ వెళ్ళింది. ఆ వెనకే నడవా వెంట నల్లటి పెద్ద వీపు ఒకటి నెమ్మదిగా కదిలింది. తిమింగలం పిల్ల. బాల్కనీ కిందికి వచ్చి ఒక్కసారి ఊపిరి వదిలింది. ఆ తుంపర పైనున్నవాళ్ళ ముఖాలమీద పడింది. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

వెంకీ స్టేజి దిగి, తల మొత్తం నీళ్ళలో ముంచాడు. జాక్లిన్ అతని వైపే తిరిగి పాడుతూనే ఉంది.

అచ్యుత్ నీళ్ళలో మునిగిన ఆ చెవి వైపు చూశాడు. వెంకీకి వినపడదని, ఆమె అందుకే అటు తిరిగి పాడుతోందని అతనికి అర్థమైంది. తను నెలలు పోసి విరిచి పెట్టుకున్న చప్పుళ్ళన్నిటినీ పక్కకి నెట్టేశాడు. నేలమీద మునిగిపోయి ఉన్న పెద్ద స్పీకర్లోకి ఒకే ఒక్క దెబ్బ పంపాడు. లోతైన దెబ్బ. మళ్ళీ ఒకటి. ఎవరి తలైనా ఊగే తీరులో, తప్పకుండా, సమానంగా. ప్రతి దెబ్బకీ నీళ్ళమీద వలయాలు లేచి వెంకీ నడుముకి తగిలాయి. అతను పైకి లేచి, రెండు అరచేతులూ నీళ్ళమీద ఆనించి, నోరు తెరిచాడు. మొదటి లైను తప్పిపోయింది. గొంతు బొంగురుగా ఉంది, ఎవరికీ తెలియని గొంతు.

ఇంట్ల అమ్మ పిలుస్తుంటే ట్రైను పోయినట్టుండె,
ఎక్కడ దిగాల్నో చెప్పెటోడు నోరు మూసుకున్నట్టుండె.

అతను పాడినంతసేపూ ఎవరూ ఫోను ఎత్తలేదు. ఎలియాజర్ నడుములోతు నీళ్ళలో అమృతం చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

పాట అయ్యాక సముద్రం వెళ్ళిపోయింది. జనం కూడా మెల్లగా, గుసగుసలతో, తడి బట్టలు పిండుకుంటూ వెళ్ళిపోయారు. వెంకీ కోటు విప్పి పక్కన పడేసి, స్టేజి అంచున కాళ్ళు వేలాడేసుకుని ఖాళీ కుర్చీలవైపు చూస్తూ కూర్చున్నాడు. జాక్లిన్ మైకు తుడిచి పెట్టెలో పెడుతోంది. వాళ్ళ వెనక దూరంగా తెర దగ్గర అచ్యుత్ వైర్లు చుడుతున్నాడు.  చుడుతూనే, వెంకీకి వినపడదన్న ధైర్యంతో, తనలో తాను అనుకున్నట్టు మెల్లగా అన్నాడు.

"బాగా పాడావ్, అన్నా."

వెంకీ వెనక్కి తిరగలేదు. "మొదటి లైను పోయింది కదా తమ్మీ" అన్నాడు. "నువ్వు దెబ్బ ఇంకొంచెం ముందుగాల్నే ఇయ్యాల్సి ఉండె."

అచ్యుత్ చేతుల్లో వైరు ఆగిపోయింది. జాక్లిన్ తలెత్తింది. వెంకీ తను విన్నాడని తనకే అప్పుడు అర్థమైనట్టు కదలకుండా ఉండిపోయాడు. అతని చెయ్యి నెమ్మదిగా ఎడమ చెవి మీదికి వెళ్ళింది.

ఎక్కడో తలుపు బయట ఎవరో తడి చీపురుతో నాచు ఊడుస్తున్నారు. అతను ఆ చప్పుడు వైపు తల తిప్పాడు.