చేపల్లేవన్నది మీరేగా

కొత్త డైరెక్టరుకు చేపల గురించి ఏమీ తెలియదని బ్రాకెన్ సరస్సు ఒడ్డున అందరూ తేల్చేశారు. అప్పటికి ఆవిడ పేరు పలకడం కూడా ఎవరికీ సరిగా రాదు. గవర్నరు రాష్ట్ర సహజ వనరుల శాఖ నెత్తిన కూర్చోబెట్టిన ఈ మార్లీస్ టీగ్ అంతకుముందు గ్రంథాలయాల పెత్తనం చేసిందట. లోర్నా ఎరల దుకాణంలో పొద్దున్నే కాఫీ తాగే గాలాల మేధావులకు ఆ ఒక్క ముక్క చాలు.

"ఇకనుంచి చేపను పడితే పదిహేను రోజుల్లో తిరిగిచ్చెయ్యాలర్రా. లేటైతే ఫైను," అన్నాడు రోలీ.

"పడవలో గట్టిగా మాట్లాడకూడదు కూడా," అన్నాడు డెల్మార్. తన జోకుకు తనే అందరికన్నా ఎక్కువ నవ్వాడు.

పాత డైరెక్టరునూ వీళ్లు ఇలాగే ఉతికారు. ఆయన దిగిపోయిన మర్నాడే మహానుభావుడైపోయాడు. కుర్చీలో ఎవరున్నా శాఖ తమ మాట వినదన్నదే వీళ్ల శాశ్వత దుఃఖం.

సరస్సు మీద మంచు కరిగిన వారం ఆవిడే దుకాణానికి వచ్చింది. రబ్బరు బూట్లకు కొట్లో కట్టిన చీటీ ఇంకా వేలాడుతోంది. కాఫీ తీసుకుని, అందరి మధ్యా కూర్చుని, "చేపలెలా పడుతున్నాయండీ ఇక్కడ?" అని అడిగింది.

అడక్కూడని ప్రశ్న అది. ఆ ఊళ్లో బకెట్ నిండా చేపలు మోసుకొస్తున్నవాడు కూడా, ఎదురొచ్చినవాడు అడిగితే ఒక్కటీ పడలేదనే చెబుతాడు. అది అబద్ధమని ఎవరూ అనుకోరు. మర్యాద అనుకుంటారు.

"వాల్‌ఐ చేప మొహం చూసి ఏళ్లయింది మేడమ్," అన్నాడు డెల్మార్. ఇంట్లో అతని ఫ్రీజరు తలుపు వాల్‌ఐ ముక్కలతో సరిగా మూతపడటం లేదు.

"సరస్సు చచ్చిపోయిందండీ," అని రోలీ టోపీ కూడా తీశాడు.

గల్లాపెట్టె వెనకనుంచి లోర్నా కళ్లతో ఎంత వారించినా వాళ్లకు ఊపు తగ్గలేదు. ఆవిడ మాత్రం చివరిదాకా ఓపిగ్గా విన్నది. "ఇన్నాళ్లూ మీ మాట ఎవరూ విన్నట్టు లేదు. నేను వింటాను," అని వెళ్లింది.

అన్నంత పనీ చేసింది. బ్రాకెన్ సరస్సుకు జనం వచ్చేదే వాల్‌ఐ కోసం. ఆ వేట మూడేళ్లు బంద్ అని రేడియోలో చెప్పారు.

"దానికి బుద్ధుందా అసలు? మన మాట నమ్ముతుందా!" రోలీ బల్ల గుద్దాడు.

"చేపల్లేవన్నది మీరేగా?" అంది లోర్నా. ఆమె అరవలేదు. ఎరచేపల తొట్లకేసి చూస్తూ, "మే నెలలో వేట మొదలవ్వకపోతే నా బేరం ఇంకెప్పుడు? షట్టరు దించేసి మా అక్క దగ్గరికి పోతాను," అంది.

డెల్మార్ కాఫీ కప్పు బల్లమీద పెట్టేశాడు. ఇంట్లో అతనికి పలకరించే దిక్కు లేదు. పొద్దున లేస్తే అతను మనిషి గొంతు వినేది ఈ దుకాణంలోనే. ఆ గొంతు లోర్నాది కావడం కూడా అతనికి ముఖ్యమే. ఆ సంగతి మాత్రం ఆమెతో ఎన్నడూ అనలేదు.

వినతులు వింటానని డైరెక్టరు మళ్లీ వచ్చింది. బడి వ్యాయామశాల కిక్కిరిసింది. ఒక్కొక్కరే లేచి సరస్సు నిండా చేపలేనని గుండెలు బాదుకున్నారు.

"పోయిన నెల ఒక్కటీ లేదన్నారు, ఇప్పుడు నిండా ఉన్నాయంటున్నారు," అందావిడ. గోడమీది సరస్సు పటం చూపించి, "ఎక్కడున్నాయో ఎవరైనా ఇక్కడ వేలు పెట్టి చూపించండి. రేపే వలలేసి చూస్తాం," అంది.

తను చేపలు పట్టే చోటు పదిమందికీ చూపించేవాడు ఆ ఊళ్లో లేడు. "అంటే... అక్కడక్కడా," అంటూ రోలీ సరస్సు మొత్తానికీ చెయ్యి ఊపాడు. లోర్నా సంచీ ఒళ్లో పెట్టుకుని ఎవరి వంకా చూడకుండా కూర్చుంది.

డెల్మార్ లేచాడు. సొంత తమ్ముడికి కూడా చెప్పని చోటు అది. అక్కడికి వెళ్లాలంటే ఎవరూ వెంటపడకుండా సరస్సంతా చుట్టి మరీ వెళతాడు. పటం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ నీళ్లడుగున రాళ్లదిబ్బ ఉంది మేడమ్. పడమటి గాలి తిరిగాక ఎరచేపను అడుగుదాకా దించండి."

వెనక వరసల్లో ఎవరో "అయ్యో డెల్మార్" అన్నారు, శవాన్ని చూసినట్టు. మిగతావాళ్లు పటాన్ని కళ్లతోనే మింగేశారు.

మర్నాడు శాఖవాళ్లు వేసిన వలలు బరువుకి పైకి రాలేదు. నిషేధం ఎత్తేశారు. పుస్తకాలావిడ పరవాలేదని రోలీ తీర్పు చెప్పాడు.

వేట మొదలైన రోజున రాళ్లదిబ్బ మీద నీళ్లు కనబడలేదు. అన్నీ పడవలే. రోలీదే మొదటి వరస. లంగరు దించే సందు కూడా దొరక్క డెల్మార్ వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టి ఒడ్డుకు తిరిగొచ్చాడు. కనీసం రేవు చివర కూర్చునైనా గాలం వేద్దామని ఎరచేపల కోసం దుకాణంలోకి వెళ్లాడు.

తొట్లన్నీ ఖాళీ. లోర్నా జుట్టు రేగిపోయి, ముఖం వెలిగిపోతూ ఉంది.

"ఒక్కటీ మిగల్లేదు డెల్మార్. అన్నీ నీ దిబ్బ మీదికే పోయాయి," అంది.

డెల్మార్‌కు కడుపు మండిపోయింది. అయినా ఆమె వంక చూస్తుంటే నవ్వొచ్చింది. గాలం కర్ర గోడకు చేర్చి, కాఫీ పొయ్యమన్నాడు.